చప్పుడు లేని బొమ్మలు

కొత్త కాపురం. వంటింటి పక్క గదిలో బట్టలుతికే మెషీన్. దాని ముందు నేల మీద భార్యాభర్తలు, దాని వెనక పిల్లి.

"ఇది కూడా చూడటం లేదండీ."

"కొంచెం దగ్గరగా ఊపు."

"ఇంకెంత దగ్గరగా? మీసాలకి తగిలేదాకా ఊపాను. మీసాలు విదిల్చి అటు తిరిగింది. మీ సాక్సులో దూది కుక్కి, తోక కుట్టి, చీపురుపుల్లకి కట్టి, ఇంత చేస్తే అటు తిరిగింది."

"నా సాక్సా? ఏ సాక్సు?"

"చిరిగిందే."

"నీలం గీతలదా? అది చిరగలేదే."

"ఇప్పుడు చిరిగింది. మాట మార్చకండి. అసలు ఈ పిల్లికి ఆటంటే తెలుసా?"

"జమీందారుగారికి ఆట తెలియకపోవడమేమిటి? పెళ్ళికి ముందు నేనున్న పాత గదిలో కాగితం ఉండ వేస్తే చాలు, తన్నుకుంటూ గదంతా తిరిగేది."

"ఎప్పుడు?"

"అంటే, చిన్నప్పుడు. ఈమధ్య పెద్దరికం వచ్చింది."

"పెద్దరికం కాదు, నేనొచ్చాను. పెళ్ళయి మనం ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజు దూరింది మెషీన్ వెనక. గిన్నె అక్కడికే, నీళ్ళు అక్కడికే. నేను పక్క గదిలోకి వెళ్తే తప్ప బయటికి రాదు."

"కొత్త ఇల్లు కదా. అలవాటు పడుతుంది."

"నేనూ కొత్తేగా. నేను అలవాటు పడలేదూ? నేనేమైనా మెషీన్ వెనక దాక్కున్నానా?"

"నువ్వక్కడ పట్టవు."

"లావుగా ఉన్నాననా?"

"సందు చిన్నదన్నాను."

"అన్నారు, అన్నారు. మొన్న ఏం చేశానో చూశారా? పాత దుప్పటి అంచులు చింపి జడ అల్లాను. నా జడ కూడా నేనంత శ్రద్ధగా అల్లుకోను. అంతకుముందు టిష్యూ చుట్టలోని అట్ట గొట్టానికి కన్నాలు పెట్టి, అందులోంచి ఉన్ని దారాలు లాగాను. అంతకుముందు మీ షాపులోంచి తెచ్చారే, కళ్ళద్దాలు తుడిచే మెత్తటి గుడ్డ, దాంతో ఎలుక."

"ఎలుక బావుంది. నిజంగా."

"మీకు బావుంటే ఏం లాభం? పోనీ ఆ ఎలుక మెడలో మువ్వ కట్టాను కదా, మీరే పీకేశారు."

"చప్పుడంటే బెదురని పీకాను. వచ్చిన రోజు మిక్సీ వేస్తే ఎలా పరిగెత్తిందో చూశావుగా. వెళ్ళి తలుపుకి గుద్దుకుంది."

"అందుకని మువ్వ వద్దు, గింజలు వద్దు, గరగరలాడే కాగితం వద్దు. అన్నీ మూగ బొమ్మలే చేయించారు నా చేత."

"దాని భయాలు నాకు తెలుసు కాబట్టి చెప్పాను. నీకంటే ముందు నుంచి దాంతో ఉంటున్నవాణ్ణి."

"అదీ. అసలు మాట ఇప్పుడొచ్చింది."

"ఏం మాట?"

"నీకంటే ముందు నుంచి అన్నారుగా."

"నేనా అర్థంలో అనలేదు."

"ఏ అర్థంలో అన్నా నిజమే కదా. సరే, ఇంకోటి అడుగుతాను, సూటిగా చెప్పండి. వదిన ఎందుకు ఫోన్ చేశారు?"

"అక్కా? ఎప్పుడు?"

"ఇందాక మీరు స్నానం చేస్తున్నప్పుడు. బుట్ట కొన్నానమ్మా, మూతున్నదే కదా వాడు తెమ్మన్నది అన్నారు. ఏ బుట్ట వదినా అంటే, వాడు నీకు చెప్పలేదా అని మాట మింగేశారు."

"ఆ పుల్ల ఇలా ఇవ్వు, నేనోసారి ఊపి చూస్తాను."

"పుల్ల సంగతి తర్వాత. ఏ బుట్ట?"

"అక్క ఇవాళ వస్తానంది."

"ఎందుకు?"

"ఊరికే. మనల్ని చూడ్డానికి."

"మూతున్న బుట్టతో మనల్ని చూడ్డానికా?"

"పిల్లిని కొన్నాళ్ళు తన దగ్గర ఉంచుకుంటానంది."

"ఆవిడంతట ఆవిడే అన్నారా?"

"అంటే, మాటల్లో వచ్చింది."

"మీరడిగారా?"

"అడిగాను."

"నాతో ఒక్క మాట చెప్పకుండా."

"చెబితే ఒప్పుకోవు. అది చూస్తే సగం తిండి వదిలేస్తోంది. నువ్వు చూస్తే పొద్దస్తమానం ఇక్కడ కూర్చుని కత్తెరా దారమూ పట్టుకుని, ఏడుపు మొహం. ఇద్దర్నీ అలా చూడలేకపోయాను."

"ఇద్దరిలో ఎవరో ఒకర్ని పంపెయ్యాలి కాబట్టి దాన్ని పంపేస్తున్నారు. సంతోషం. నేను గెలిచాను."

"గెలవడమేమిటి? పిల్లితో పోటీ ఏమిటి?"

"మనం మొదటిసారి కలిసిన రోజు మీరు నాకేం చెప్పారు? జీతం చెప్పలేదు, షాపు చెప్పలేదు. వానలో గోనెసంచి కింద పిల్లి దొరికిందనీ, మీకు జ్వరం వస్తే మీ గుండె మీదే పడుకుందనీ చెప్పారు. కాఫీ చల్లారిపోయింది, కథ మాత్రం అవలేదు. ఈ మనిషి పిల్లినే ఇంత బాగా చూసుకుంటే అనుకుని సరేనన్నాను."

"అది నాకెప్పుడూ చెప్పలేదే."

"మీరు బుట్ట సంగతి చెప్పారా? ఇప్పుడు ఆ పిల్లే వెళ్ళిపోతే నేనెవర్ని? కొత్త పెళ్ళాం రాగానే పిల్లిని సాగనంపిన మనిషిని."

"ఎవరూ అనరు."

"ఎవరూ అనక్కర్లేదు. నేను అనుకుంటాను. మీరూ ఒకరోజు అనుకుంటారు."

"నేను అనుకోను."

"ఇప్పుడు అనుకోరు. పాత గది తాలూకు ఫోటో ఏదో కనబడిన రోజు అనుకుంటారు."

"సరే, ఏం చెయ్యమంటావు?"

"వదిన వచ్చేలోపు ఇంకొక్క బొమ్మ. అది ఒక్కసారి పంజా విసిరితే చాలు. విసిరిందా, ఇక్కడే ఉంటుంది. ఒప్పుకుంటారా?"

"విసరకపోతే?"

"బుట్టలో నేనే పెడతాను."

"సరే. దేంతో చేస్తావు?"

"చపాతీలు చుట్టే వెండిరంగు రేకుంది కదా, దాన్ని ఉండ చేసి దారానికి కడతాను. తళతళలాడుతుంది. ఈ బల్బు మసకగా ఉంది, ఆ స్టూలు ఇటు లాగండి, ఎక్కి మార్చేస్తాను."

"జాగ్రత్త. దిగు ఇక. వెలిగింది."

"జమీందారుగారూ, ఇటు చూడండి నాన్నా. ఇదిగో, మెరిసిపోతోంది. ఇటు. చూడండి మీరే, కళ్ళు ఇంతింత చేసుకుని సరిగ్గా నా వైపే చూస్తోంది, ఎదుట ఊగుతున్నదాన్ని మాత్రం లేనట్టే."

"కొంచెం పక్కకి తీసుకెళ్ళు."

"తీసుకెళ్ళాను. కళ్ళు కదిపితేనా? ఏమాటకామాట, కళ్ళు మాత్రం ఎంత బావుంటాయో. ఎప్పుడు చూసినా నల్లగా, గుండ్రంగా, నిండుగా."

"ఎప్పుడు చూసినానా? పగలు కూడానా?"

"పగలేంటి రాత్రేంటి, నా మొహం చూస్తే దానికి ఒకటే. ఇంక నా వల్ల కాదు. బతిమాలాను, కుట్టాను, అల్లాను. గోడకి చెప్పుకున్నా ఈపాటికి తల ఊపేది. తీసెయ్యండివన్నీ."

"మెల్లగా, అలా తోసెయ్యకు, గుండీల డబ్బాకి మూత లేదు."

"పడితే పడనివ్వండి."

"పడింది. గదంతా గుండీలే."

"నేనే ఏరుకుంటాలెండి."

"ఉండు. కదలకు."

"ఏమైంది?"

"దాని చెవులు చూడు."

"బయటికి వస్తోందండీ."

"ఊఁ. మెల్లగా మాట్లాడు."

"ఆ దొర్లుతున్న గుండీ వెంట పడింది. పట్టేసింది. చూశారా, పంజా విసిరింది, మీరే సాక్ష్యం."

"చూశాను. ఇంకోటి దొర్లించు."

"ఇదిగో. పట్టేసింది. ఇంకోటి, అటు. అయ్యో, స్టూలుకి గుద్దుకుంది. ఎదురుగానే ఉందిగా స్టూలు, దానికేమైంది?"

"ఇప్పుడు ఇంకో గుండీ దాని ముందు పెట్టు. దొర్లించకు. చప్పుడు కాకుండా పెట్టు."

"పెట్టాను. తొక్కుకుంటూ పోయిందేమిటి?"

"నా సంచిలో చిన్న టార్చి ఉంది, ఇలా ఇవ్వు."

"షాపులో కళ్ళలోకి వేసి చూస్తారే, అదా?"

"అదే."

"ఇదిగో. ఏమిటండీ, దాని కళ్ళలోకి వేస్తున్నారు?"

"ఇంత వెలుగు పడితే నల్లగుడ్డు సన్నటి గీతలా అయిపోవాలి. ఇది కదలటం లేదు."

"రెండో కన్ను చూడండి."

"అదీ అంతే."

"ఎప్పట్నుంచి?"

"తెలీదు. పాత గదిలో మంచం, కుర్చీ ఎక్కడివక్కడే ఉండేవి. ఎక్కడ దూకాలో, ఎక్కడ తిరగాలో దానికి కంఠతా వచ్చు. నాకు అనుమానమే రాలేదు. పొద్దున్నించీ ఊళ్ళోవాళ్ళ కళ్ళు చూసి కూర్చుంటాను, ఇంట్లో ఉన్న ఈ రెండు కళ్ళూ చూడలేదు."

"ఇలా రండి. ముందు దాన్ని ఒళ్ళోకి తీసుకోండి. అది మీ చెయ్యి వాసన చూస్తోంది."

"బెల్లు మోగింది. అక్కయి ఉంటుంది."

"మీరు లేవకండి, నేను తీస్తాను. రండి వదినా. ఆ బుట్ట బయటే ఉంచండి."

"అదేంటమ్మాయ్, వాడే కదా తెమ్మన్నాడు. ఏదీ జమీందారు? నిన్ను చూస్తే ఇంకా పారిపోతూనే ఉందా?"

"లేదు వదినా. అది నన్ను ఇంతవరకూ చూడనే లేదు."