తొట్లకొండ గుర్తు

ఆదివారం. తొట్లకొండ మీద స్తూపం పక్కన ముగ్గురు: జాలరిపేట నుంచి వచ్చిన అర్జునరావు, అతని భార్య తవిటమ్మ, డిగ్రీ చదివే కూతురు రాధ.

“పులుసు గిన్నెకి పప్పు గిన్నె మూతెట్టిందెవలు? సంచి నిండా పులుసే!”

“మూతలన్నీ ఒకలాగే ఉంటాయే తవిటీ.”

“ఒకలాగే ఉంటాయా? సముద్రంలో సుక్కంత పడవ కనిపిత్తే ఎవలిదో సెప్పేత్తావు. గిన్నె మూత తెల్దా?”

“అమ్మా, నానా, మెల్లగా! రెండు వేల ఏళ్ల కిందట ఇక్కడ బౌద్ధ సన్యాసులు ధ్యానం చేసుకునేవారట.”

“ఆళ్లకి పెళ్లాల్లేరు కదా రాధా. అందుకే కుదిరింది.”

“ఏటన్నావ్?”

“గాలి బాగుందన్నాను.”

“బాగుంటాది మరి. మా కన్నోరి కొండ. సిన్నప్పుడు పుల్లలేరుకోడానికి వచ్చీదాన్ని. ఈ ఇటికలన్నీ తుప్పల్లో ఉండీవి. రాతిలో తొలిసిన ఆ తొట్లున్నాయే, వాన నీళ్లు నిల్సుంటే దోసిళ్లతో తాగీవోళ్లం.”

“నాకూ తెలుసీ కొండ. ముప్పయ్యేళ్లుగా నా గుర్తు ఇదే. సముద్రంలోంచి సూత్తే దీని కొసకి ఎనకాల కొండ నెత్తి తగిలినట్టు కనిపించిందా, అక్కడ వల దింపాల్సిందే. వంజరాలే వంజరాలు.”

“ఆ సోటు సూపిత్తావనే కదా మోకాళ్లు నొప్పెట్టినా ఎక్కాను! పడవెక్కనివ్వవు. గాలేసిన రోజు ఒడ్డున కూకుని ఎటు సూడాలో కూడా తెల్దు నాకు.”

“దానికేటి! అదిగో, కుడిపక్కన... కాదు, ఎడం... ఉండవే.”

“జీపీఎస్ తియ్యనా నానా?”

“నీ జీపీఎస్ పుట్టకముందు నుంచీ ఎల్తన్నాను. అదిగో, అక్కడ!”

“పడవలన్నీ ఆ పక్కనుంటే, నువ్వు ఈ పక్క చూపిస్తావేంటి?”

“నవ్వకే రాధా. మీ నాన ఈ కొండని ఎప్పుడూ నీళ్ల మీంచే సూశాడు. ఇక్కడ నిలబడితే కుడి ఎడమైపోయింది. ఇదిగో, సముద్రానికి ఈపు పెట్టు. పడవలో ఉన్నావనుకో. ఏ నెత్తి ఏ కొసకి తగలాలి?”

“ఆ నెత్తి... ఈ కొసకి.”

“ఆ రెండూ కలిపి గీత గీసినట్టు ఇటు తిరుగు.”

“ఓర్నాయనో! అదే! ఆ నల్లగా కనపడే నీళ్లు. అదే తవిటీ!”

“అంత దూరమా?”

“అంత దూరమే.”

“ఇన్నాళ్లూ దగ్గరే అన్నావు.”

“దూరమంటే నువ్వు అన్నం తినీదానివా?”

“...పదండి. గేటు బయట సెట్టు కింద తిందాం.”

“అమ్మా, ఆకులు పరిచేశాను.”

“కూకోండి. పులుసు సగం సంచే తాగేసింది.”

“ఇంకో ముక్కెయ్యవే.”

“ఏత్తాను. ముందీ మాట ఇను. వచ్చే ఆదివారం నాను పడవెక్కుతన్నాను. ఆ నల్ల నీళ్ల కాడికి.”

“ఆడోళ్లు వేట పడవెక్కకూడదే! మా తాతల నాటి నుంచీ...”

“వేటకి కాదు. వల ఒడ్డునే ఉంటాది.”

“అయినా ఆడమనిషి కాలెడితే...”

“మన పడవ మీద ఏం పేరు రాయించావు?”

“అదీ...”

“చెప్పు నానా, చెప్పు!”

“తవిటమ్మ.”

“మూడు పడవలు మార్సావు, పేరు మార్సలేదు. ముప్పయ్యేళ్లుగా నా పేరు సముద్రమంతా తిరుగుతుంటే నాను ఒడ్డున కూకున్నాను. ఇంక సాలు. వచ్చే ఆదివారం మన అన్నాలు అక్కడే. మూతలు మాత్రం నాను పెడతాను.”