ఒక్కటే కాపీ

ఒకప్పుడు ఉప్పూ నిప్పులా ఉన్న మేనేజరు, యూనియన్ నాయకుడు రిటైరయ్యాక కార్మిక శాఖ ఆఫీసు వరండాలో బల్ల మీద పక్కపక్కన కూర్చున్నారు. లోపల వాళ్ళ తర్వాతివాళ్ళ చర్చలు ఏడు నెలలుగా తెగడం లేదు.

"ఎవరి కంప్యూటర్ వాళ్ళదే. ఒకరి మొహం ఒకరు చూసుకోరు" అన్నాడు మేనేజరు.

"మనకైతే అప్పటి లేబర్ ఆఫీసరమ్మ ఒప్పందం కాగితాలు ఇద్దరికీ కలిపి ఒక్క కాపీయే ఇచ్చేది సార్."

"జెరాక్స్ మిషన్ పాడైందనేది. పన్నెండేళ్ళూ అదే మాట!"

"తలా తలా ఆనించి చదివేవాళ్ళం. తిట్టుకుంటూనే సంతకాలు పెట్టేవాళ్ళం."

"మిషన్ బాగానే ఉండేదయ్యా. మొదటి ఏడాదే చూశాను."

నాయకుడు తెల్లబోయాడు. "మరి ఒక్కసారైనా అడగలేదేం సార్?"

"అడిగితే నాకో కాపీ ఇచ్చేసేది. నువ్వు లేచి అవతలి కుర్చీలోకి వెళ్ళిపోయేవాడివి."