కండక్టరు మామయ్య బస్టాపు కుక్క

ఆ పొద్దున కండక్టరు మామయ్యకి కావలసింది ఒకటే, కుక్క. ఏదో ఒక కుక్క అయితే ఈ గొడవంతా ఎందుకు, ఆయనకి కావలసింది బస్టాపు కుక్క. గోధుమరంగుది, ముసలిది, ఎడం చెవి సగం చిరిగిపోయినది. లాక్‌డౌన్ ఎత్తేసి బళ్లు మళ్లీ రోడ్డెక్కిన వారానికే దాన్ని ఎవరో స్కూటరుతో గుద్దేసి పోయారు. పశువుల డాక్టరమ్మ దాన్ని తీసుకెళ్లి, కాలికి కట్టు కట్టి, నెల రోజులు తన ఆసుపత్రిలో ఉంచుకుంది. ఇక దాన్ని రోడ్డు మీద వదలడం కుదరదు, ఎవరైనా ఇంట్లో పెట్టుకోవాలి. మాకివ్వండని అడిగినవాళ్లు ఇద్దరు. ఒకరు కండక్టరు మామయ్య, రెండోవారు బేకరీ ఆయన. ఎవరికివ్వాలో తేల్చుకుందామని డాక్టరమ్మ తనే వచ్చి టీకొట్టు బెంచీ మీద కూర్చుంది, ఒళ్లో ఫారం, చేతిలో పెన్ను. కుక్కేమో ఆవిడ వ్యాను వెనక గోనెపట్టా మీద అటు తిరిగి పడుకుని నిద్రపోతోంది.

"మందు వేశాను, దాన్ని కాసేపు పడుకోనివ్వండి," అంది డాక్టరమ్మ. "లాక్‌డౌన్‌లో దీనికి మీరే తిండి పెట్టారట కదా, ఆ సంగతి చెప్పండి."

మామయ్యని మాట్లాడమని ఒకరు అడిగి ఎన్నాళ్లయిందో! టీకొట్టు అక్క గ్లాసులు కడుగుతున్నదల్లా చేతులు తుడుచుకుంది. "డాక్టరమ్మా, మీకు వేరే పనులేమైనా ఉంటే ముందు అవి చూసుకు రండి," అంది. టీ తాగి వెళ్లిపోదామని లేచిన పోస్టుమ్యాను సంచీ మళ్లీ కింద పెట్టేశాడు.

బయల్దేరేటప్పుడు మామయ్య భార్య గుమ్మంలో నిలబెట్టి మరీ చెప్పింది. "ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఒక్క ముక్క కలిపారో, కుక్కా రాదు, మీరూ ఇంటికి రావద్దు." అందుకని మామయ్య బుద్ధిగానే మొదలుపెట్టాడు.

"ఏముందమ్మా, బస్సులు ఆగిపోయాయి. బస్సుల్లేకపోతే జనం లేరు, జనం లేకపోతే దీనికి బిస్కెట్టు ముక్క పడేసేవాళ్లు లేరు. వీధి జంతువులకి తిండి పెట్టడానికి వాలంటీర్లు కావాలన్నారు, నేనూ పేరిచ్చాను. చేతికి పచ్చ బట్ట కట్టారు, పాసు ఇచ్చారు, బస్టాపు నాకప్పగించారు. ఇంట్లోంచి అన్నం పట్టుకెళ్లి పెట్టేవాణ్ణి. అంతే."

అక్కడితో నోరు మూసుకుని ఉంటే ఎంత బాగుండేదో! కానీ డాక్టరమ్మ అంతేనా అన్నట్టు తలెత్తి చూసింది. పక్కన బేకరీ ఆయన తన పెరడు గురించి, పెరట్లో నీడ గురించి, రోజూ మిగిలే బ్రెడ్డు గురించి అప్పటికే చెప్పేసి తీరిగ్గా టీ చప్పరిస్తున్నాడు. ఆయనకి చెప్పుకోవడానికి అంత పెరడు, మామయ్యకేమో ఒక్క కుక్క, ఒక్క గిన్నెడు అన్నం. ఇక మామయ్య నోరు ఆయన మాట వినలేదు.

"అంటే, అది మొదటిరోజు సంగతమ్మా. రెండోరోజు వెళ్లేసరికి బస్టాపులో నలభై కుక్కలు! ఒకదాని మీదొకటి పడిపోతున్నాయి. మిగతా వాలంటీర్లంతా గిన్నెలక్కడే వదిలేసి పరుగో పరుగు. నేను కదిలానా? ముప్ఫై ఏళ్లు ఆదివారం సాయంత్రం బస్సు చూసినవాణ్ణి, నలభై కుక్కలు నాకో లెక్కా? జేబులోంచి విజిలు తీసి ఒక్క ఊదు ఊదాను. 'లైన్లో రావాలి, లైన్లో!' అన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"కరిచాయా మామా?" అన్నాడు పోస్టుమ్యాను ఆశగా.

"లైను కట్టాయయ్యా! బస్టాపు నుంచి మందులషాపు దాకా లైను. ఒక్కోదానికీ మధ్య ఆరడుగుల దూరం. సుద్దముక్కతో సున్నాలు గీశాను, సున్నా దాటి కాలు బయటపెట్టిన కుక్క లేదు. మనుషులకి నెల్లాళ్లు మైకు పెట్టి చెప్పినా వచ్చిందా ఆ బుద్ధి?"

"మరి ఈ చెవి చిరిగినది అప్పుడేం చేస్తోంది?" అని అడిగింది డాక్టరమ్మ.

"అది లైన్లో ఎందుకుంటుందమ్మా, అది నాకు అసిస్టెంటు! ఒక విజిలు వేస్తే ఆగేది, రెండు వేస్తే బయల్దేరేది. లైను తప్పినవాటిని మూతితో పక్కకి నెట్టేది. నా విజిలు ఎక్కడ వినపడినా సరే, రెక్కలు కట్టుకుని వచ్చి వాలేది."

డాక్టరమ్మ పెన్ను ఒక్క క్షణం ఆగి, మళ్లీ కదిలింది.

"అన్నయ్యా," అంది టీకొట్టు అక్క, "వదిన ఆ రోజుల్లో మీ ఇద్దరికే బియ్యం కొలిచి పోసేది. నలభై కుక్కలకి అన్నం ఎక్కణ్ణించి వచ్చింది?"

"ఇంకా నలభై ఏంటి చెల్లెమ్మా, నాలుగోరోజుకి నాలుగొందలైతేనూ! చుట్టుపక్కల ఊళ్లనుంచి నడిచొచ్చేశాయి. ఇంత అన్నం దేంట్లో వండుతాం? డిపోలో బస్సులు కడిగే నీళ్లతొట్టి ఉంది చూడు, అందులో వండాం. తిప్పడానికి గరిటె ఏది? ఒరిగిపోయిన కరెంటు స్తంభం ఒకటుంటే పీకి, దాంతో తిప్పాను."

"ఒక్కడివేనా?" అన్నాడు పోస్టుమ్యాను.

"ఒక్కణ్ణే. అదీ ఎడంచేత్తో. కుడిచేతికి పచ్చ బట్ట ఉంది కదా, మరక పడుతుందని."

పాపం, ఆయన తప్పు కూడా కాదు. ముప్ఫై ఏళ్లు "ఇంకా చోటుంది, లోపలికి జరగండి" అని అరిచిన మనిషి. రోడ్డు మీద చెయ్యెత్తిన వాళ్లెవర్నీ వదిలిపెట్టి వెళ్లడం చేతకాదు. కథలోకైనా అంతే, ఎవరొస్తే వాళ్లని ఎక్కించేసుకుంటాడు.

"ఇంతలో పిల్లులొచ్చాయి. కుక్కలకీ పిల్లులకీ పడదు కదా అంటారేమో, 'ముందు సీట్లు ఆడవాళ్లకి' అన్నాను, తల్లిపిల్లులన్నీ ముందు కూర్చున్నాయి, ఒక్క కుక్క కిక్కురుమనలేదు. కాకులకి టాపు మీద ఇచ్చాను. ఆవులొస్తే ఫుట్‌బోర్డు మీద నిలబడొద్దని కేకలేశాను. ఇక కోతులు! అవేమో ఒకదాని మొహం మీదొకటి తుమ్ముకుంటున్నాయి. మాస్కు లేకపోతే అన్నం లేదు పొమ్మన్నాను. మర్నాడు చూద్దును కదా, ప్రతి కోతి మూతికీ మాస్కు!"

"వాటికి మాస్కులెక్కడివి మామా?"

"అప్పుడే కదయ్యా పోలీసుస్టేషన్లో మాస్కులు పోయాయని గోలయింది, మర్చిపోయావా?"

డాక్టరమ్మ రాస్తూనే ఉంది. ఆ పెన్ను పరుగు చూస్తుంటే మామయ్యకి ఎక్కడలేని హుషారూ వచ్చేసింది. బేకరీ ఆయన గ్లాసు సగంలో ఆగిపోయింది. పడిపోయాడు, ఇక లేవడు అనుకున్నాడు మామయ్య, దెబ్బతో కుక్క మనదే.

"ఇవన్నీ ఒకెత్తు. ఆ మర్నాడు చిరుతపులి వచ్చింది."

"ఇంకో టీ పెట్టమంటారా ఎవరికైనా?" అంది టీకొట్టు అక్క.

"నువ్వుండు చెల్లెమ్మా. పట్టపగలు, మెయిన్ రోడ్డు మీద! రోడ్లన్నీ ఖాళీగా ఉన్నాయని షికారుకొచ్చింది. వచ్చింది వచ్చినట్టు ఉంటుందా, లైనూ గీనూ చూడకుండా తిన్నగా తొట్టి దగ్గరికి వచ్చేసింది. నాలుగొందల కుక్కలూ నా వెనక దాక్కున్నాయి. నేను దాని కళ్లలోకి ఇలా చూసి, 'పెద్దదానివి, నీకంటే చిన్నవి ఇన్ని నిలబడి ఉంటే మధ్యలో దూరతావా, సిగ్గులేదూ?' అన్నాను. అప్పుడదేం చేసిందనుకుంటున్నారు?"

"సిగ్గుపడింది," అన్నాడు పోస్టుమ్యాను.

"నీకెవరు చెప్పారు?" అన్నాడు మామయ్య, నిజంగానే ఆశ్చర్యపోయి. "అవునయ్యా, తల దించుకుని వెళ్లి చివర నిలబడింది. అంటే, ఏనుగు వెనకాల."

"ఏనుగెప్పుడొచ్చింది?"

"ఏనుగు పొద్దుట్నుంచీ ఉంది. మీరు అడగలేదు, నేను చెప్పలేదు. ఇక ఆ వైరసు సంగతంటారా, అది మన బస్టాపు మలుపు దాకా వచ్చింది. ఈ లైను చూసింది. ఇక్కడ మన వంతు ఎప్పటికొస్తుందిలే అని విసుగొచ్చి వెనక్కెళ్లిపోయింది. మన వీధిలో ఒక్కరికైనా జబ్బొచ్చిందేమో చెప్పండి!"

"నాకొచ్చింది," అన్నాడు బేకరీ ఆయన.

"మీది అవతలి వీధి," అనేసి మామయ్య టీ గ్లాసందుకున్నాడు.

డాక్టరమ్మ ఫారం తిప్పి వెనక రాసుకున్నదంతా ఒకసారి చదువుకుంది. "నాలుగొందల కుక్కలు, పిల్లులు, కాకులు, ఆవులు, కోతులు, ఒక చిరుత, ఒక ఏనుగు. ఇవన్నీ మీ చెయ్యి చూసుకుని బతికాయి. అంతేనా?"

"అంతేనమ్మా," అన్నాడు మామయ్య మీసం సవరించుకుంటూ.

"అయితే దీన్ని మీకివ్వడం కుదరదండీ."

మామయ్య గ్లాసు కింద పెట్టేశాడు.

"ఇది ముసలిది, పైగా కుంటుతోంది," అంది డాక్టరమ్మ. "చుట్టుపక్కల ఇంకో కుక్క ఉందంటే గిన్నె దగ్గరికే రాదు, ఆకలేసినా అలాగే పడుకుంటుంది. అందుకని ఇంకో జంతువంటూ లేని ఇంటికే ఇద్దామనుకున్నాను. ఇన్ని మీ కోసం వస్తుంటే ఇదేం తింటుంది? బేకరీ ఆయన ఇంట్లో వేరే ఏవీ లేవు, రావు." ఆవిడ ఫారం మళ్లీ ఇటు తిప్పింది, పేరు రాయడానికి పెన్ను కూడా దించింది.

మామయ్య ఫారం మీద చెయ్యి అడ్డం పెట్టేశాడు. "ఆగమ్మా ఆగు! ఏనుగు రాలేదు."

"రాలేదా?"

"రాలేదు. చిరుత కూడా రాలేదు."

"మరి కోతులు?"

"ఒకటి. గోడమీద నడుచుకుంటూ పోయింది. నా వైపు చూడనైనా చూడలేదు."

"నాలుగొందల కుక్కలు?"

"నలభై..." అన్నాడు మామయ్య. టీకొట్టు అక్క దగ్గింది. "కాదు, ఏడు. మొదటిరోజే ఏడూ కలిసి నా మీదికొచ్చాయి. గిన్నె అక్కడే పడేసి బస్టాపు పైకప్పు ఎక్కేశాను. ఎలా ఎక్కానో నాకే తెలీదు, దిగడం మటుకు రాలేదు. మధ్యాహ్నం దాకా అక్కడే ఎండలో కూర్చున్నాను. వాలంటీర్లు నిచ్చెన తెచ్చి దింపి, నా పచ్చ బట్టా పాసూ తీసేసుకున్నారు. నాకు కుక్కలంటే భయమమ్మా, చచ్చేంత భయం."

"ఆ నిచ్చెన పట్టుకుంది నేనే," అన్నాడు పోస్టుమ్యాను. "ఎప్పుడొప్పుకుంటాడా అని ఇన్నాళ్లుగా చూస్తున్నాను."

"మరి దీనికి తిండి పెట్టిందెవరు?" అంది డాక్టరమ్మ.

"నేనే. అదొక్కటీ నిజం." మామయ్య గొంతు చిన్నదైపోయింది. "అవన్నీ మీదపడ్డ రోజున ఇదొక్కటే రాలేదు. బెంచీ కింద నుంచి చూస్తూ ఊరుకుంది. మర్నాడు బట్టా లేదు, పాసూ లేదు. ఆ ఏడింటికీ వేరే వాలంటీర్లు మందులషాపు దగ్గర పెడుతున్నారు. పాలప్యాకెట్టు కోసమని చెప్పి సంచిలో గిన్నె పెట్టుకుని వచ్చాను. నేను బెంచీకి ఈ చివర, అది ఆ చివర. దానికి నేనంటే భయం, నాకు అదంటే భయం. ముప్ఫై ఏళ్లు పొద్దున లేస్తే వెయ్యిమందితో మాట్లాడినవాణ్ణమ్మా, ఒక్కసారిగా ఎవరూ లేకుండా పోయారు. ఇంట్లో మాట్లాడదామంటే ఆవిడకి నా కథలన్నీ కంఠతా వచ్చు, నేను మొదలుపెడితే ఆవిడ ముగించేస్తుంది. ఇదేమో నేనేం చెప్పినా కళ్లప్పగించి వినేది. మధ్యలో లేచిపోలేదు, కోతలు చాలించమనలేదు. నెల తిరిగేసరికి వచ్చి నా కాళ్ల దగ్గర కూర్చుంది. ఆ రెండు నెలలూ ఇది లేకపోతే నాకు పిచ్చెక్కేది. బేకరీ ఆయన పెరట్లో ఇది సుఖంగానే ఉంటుంది, కాదనను. కానీ నాకిది కావాలమ్మా."

డాక్టరమ్మ పెన్నుకి మూత పెట్టేసింది.

"మీ దగ్గర ఇప్పుడు విజిలుందా?"

ఉండకేం, పెళ్లికెళ్లినా ఆయన జేబులో విజిలు ఉంటుంది.

"ఒకసారి వేయండి. గట్టిగా."

మామయ్య లేచి నిలబడి, గుండెల నిండా ఊపిరి పీల్చి ఊదాడు. ఎదురుగా కరెంటు తీగ మీది కాకులు లేచిపోయాయి. మందులషాపతను తలుపులోంచి తొంగిచూశాడు. రోడ్డు మీద పోతున్న సైకిలాయన ఉలిక్కిపడి కాలు కింద పెట్టేశాడు. వ్యానులో కుక్క నిద్రపోతూనే ఉంది, చిరిగిన చెవి గాని, బాగున్న చెవి గాని కదల్లేదు.

"దానికి చెముడండీ," అంది డాక్టరమ్మ మెల్లగా. "తీసుకెళ్లిన రోజే పరీక్షచేశాను. ఈమధ్య వచ్చింది కాదు, ఎన్నేళ్లనుంచో ఉండుంటుంది."

పోస్టుమ్యాను సంచీ మీదికి వాలిపోయి నవ్వాడు. "అదీ సంగతి! అందుకా మామా మధ్యలో లేచిపోనిది!" టీకొట్టు అక్క కొంగు నోటికడ్డం పెట్టుకుంది. బేకరీ ఆయనకి టీ పొలమారింది.

మామయ్యకి నవ్వు రాలేదు. "అయితే నేను చెప్పినవన్నీ..."

"ఒక్క ముక్క కూడా వినలేదు."

"మరి రోజూ వచ్చి ఎందుకు కూర్చున్నట్టు?"

"అన్నం కోసం మామా," అన్నాడు పోస్టుమ్యాను కళ్లు తుడుచుకుంటూ.

"అన్నం ఐదు నిమిషాల్లో నాకేసేదయ్యా. ఆ తర్వాత గంట కూర్చునేది."

మామయ్య వ్యాను అవతలి వైపుకి, దాని మొహం ఉన్న వైపుకి నడిచాడు. ఆయన నీడ పడగానే కుక్క ఒక కన్ను తెరిచింది. ముందు తోక ఆడింది. తర్వాత కట్టు కట్టిన కాలు ఈడ్చుకుంటూ లేచి, ఆయన పొట్టకి మొహం ఆనించి నిలబడింది. చచ్చేంత భయమున్న మనిషి దాని మెడ చుట్టూ రెండు చేతులూ వేసేశాడు.

బేకరీ ఆయన గ్లాసు పక్కన పెట్టాడు. "నా పేరు కొట్టేయండి డాక్టరమ్మా. పెరడైతే ఉంది గానీ, పనిలో పడితే దాని పక్కన పది నిమిషాలు కూర్చోవడం కూడా నా వల్ల కాదు."

డాక్టరమ్మ కొత్త ఫారం తీసి మామయ్య ముందు పెట్టింది. ఇంట్లో ఉండబోయే జంతువులెన్ని అన్నచోట మామయ్య 'ఒకటి' అని అక్షరాల్లో రాశాడు, దాని కింద సంతకం పెట్టాడు. కుక్కని రెండు చేతులతో జాగ్రత్తగా ఎత్తుకున్నాడు.

"పాపం మామా," అన్నాడు పోస్టుమ్యాను, "దానికి వినపడదని తెలిసిపోయింది. ఇక కబుర్లెవరికి చెప్పుకుంటావు?"

"దీనికే," అన్నాడు మామయ్య, మొహం చేటంత చేసుకుని. "ఇన్నాళ్లూ చెప్పినవి ఒక్కటీ వినలేదన్నారుగా, అన్నీ మళ్లీ మొదట్నుంచి చెప్పుకురావద్దూ!"