ద్రాక్షరసం అని రాయించింది నేనే

"అవ్వా, పద్మత్త వైన్ దుకాణం ఎందుకు మూసింది?"

చెప్త, కూసో బిడ్డా. ఆ దినం శనివారం. పగటాల పన్నెండు గొట్టంగ నేను పద్మకు సద్ది పట్టుకొని కామారెడ్డి దుకాణంకు పోయిన. ఆగు, అంతకు ముందుది చెప్పకపోతే నీకు సమజ్ కాదు.

మీ పద్మత్త, నా చిన్నబిడ్డ, మీ మామ తోటి నాసిక్ దిక్కు ద్రాక్ష తోటలల్ల ఏడేండ్లు పనిచేసింది. ఆడ్నే వైన్ చేసుడు నేర్చుకున్నది. అప్పుడు ఆడ ద్రాక్ష కిలో పది రూపాలట... కాదు, పదిహేను. ఏమో, యాదికి లేదు. సర్కారు కాగితాలన్నీ తెచ్చుకొని కామారెడ్డిల చిన్న షటర్ దుకాణం కిరాయికి తీసుకున్నది. దాని ఆలోచన మంచిదే. "అమ్మా, మనోళ్లు వైన్ అంటే భయపడ్తరు. పెద్ద హోటళ్లు, నోరు తిరగని పేర్లు. నేను చాయ గిలాసల పోస్త. తీపిది, పుల్లది, వగరుది, గంతే పేర్లు. మక్కగారెలకు ఏది, మటన్ కూరకు ఏది, నేనే చెప్త" అన్నది. ఆడోళ్లు గూడ వచ్చి కూసోవాలని దుకాణం ముంగట దినాం ముగ్గేసేది.

బోర్డు మీద వైన్ అని రాయిస్తుంటే నేనే అడ్డం పడ్డ. మన దిక్కు వైన్స్ అంటే ఏందో నీకెర్కనే గదా, తాగి రోడ్డు మీద పడేటోళ్ల జాగ. "నా బిడ్డ వైన్స్ పెట్టిందంటే నేను గుడికి ఏ మొఖంతోటి పోవాలె?" అన్న.

"బోనాలకు అమ్మోరికి కల్లు సాక పోస్తవు గదనే" అని నవ్వింది.

"కల్లు వేరు. అమ్మోరు అడుగుతది" అన్న. మూడు దినాలు అన్నం సరిగ్గ తినలే నేను. నాలుగో దినం "పద్మ ద్రాక్షరసం" అని రాయించింది. నా మనసు నిమ్మలమైంది.

ఇగ ఆ శనివారం. పద్మ అత్తగారు, ఎల్లారెడ్డిల ఉండే మా వదిన, దవాఖాన పని మీద బస్సు దిగి సీదా దుకాణానికొచ్చింది. అది వైన్ దుకాణమని ఆమెకు ఎవ్వలం చెప్పలే. ఆమెకు శనివారం ఒక్కపొద్దు. వెంకటేశ్వరస్వామి మొక్కు, పొద్దుమీకేదాక పండ్ల రసమే. పద్మ ఎన్కకు సీసలు కడుగుతుంది. బల్ల మీద జగ్గు ఉన్నది. వదిన బోర్డు చదివింది, పోసుకున్నది, తాగింది. నేను పోయేసరికి రెండో గిలాస.

"రా వదినా, నీ బిడ్డ చెయ్యి మంచిది. జెర గొంతుల గరం అయితుంది గని, కమ్మగుంది" అన్నది. "పద్మా!" అని ఎన్కకు కేకేసిన.

పద్మ బయటికొచ్చి చూసింది. దానికి అబద్ధం ఆడరాదు, చెప్పేసింది. పండుగకు గూడ కల్లు ముట్టని మనిషి వదిన. గిలాస కింద పెట్టి కొంగు అడ్డం పెట్టుకొని ఏడ్సింది. "రసమని రాసి నా మొక్కు చెడగొట్టిన్రు. ఎవలు రాయించిన్రు గా అక్షరాలు?" అన్నది.

పద్మ నా దిక్కు ఒక్కపారి చూసింది. "నేనే వదినా" అనాలె. రెండు మాటలు. నోరు రాలే బిడ్డా. సద్ది గిన్నె పట్టుకొని గట్లనే నిలవడ్డ.

"నేనే రాయించిన అత్తమ్మా" అన్నది పద్మ.

"ఇగ నా ఇంటి కోడలు గీ పని చెయ్యొద్దు" అన్నది వదిన. మీ మామ తల్లి మాట దాటడు, షటర్ దించిండు. పద్మ కొట్లాడలే. కొట్లాడాలంటే నా పేరు చెప్పాలె గదా. ఇప్పటిదాక నన్ను ఒక్క మాట అనలే అది.

తెల్లారి అందరం తలమీద నీళ్లు పోసుకొని గుడికి పోయినం. వదిన, మీ మామ, పద్మ, నేను. పూజారి పళ్లెం అందుకొని, "తప్పు మన్నించమని అర్చన అంటున్నరు, ఎవరి పేరు మీద చెయ్యాలమ్మా?" అని అడిగిండు.

నేను చేతులు జోడించి దేవుని దిక్కే చూస్తున్న. పద్మ తన పేరు చెప్పింది.