ఇద్దరికీ ఒక్కటే గుంత

ఏందే హరితా, ఫోన్ల ముక్కలు పేరుస్తున్నవా? టెట్రిసా? సూపియ్యి జర. ఆఁ, గిదే. నాకెట్ల తెలుసంటవా? ఓయ్, నీ తాతకు ఫ్యాక్టరీల ఇనుము కొట్టుడే వస్తదనుకున్నవా! నాచారంల మన కనకరాజుకు వీడియో గేముల దుకానం ఉండె. ఆ జాగల ఇప్పుడు బిర్యానీ అమ్ముతున్నరు సూడు, మొన్న మనం పోతే ముక్క గట్టిగున్నదని నువ్వు ఇడిసిపెట్టినవ్, గదే. నువ్వు పుట్టకముందు ముచ్చట. తెలంగాణ లొల్లి గూడ గట్టిగ షురూ గాలె అప్పటికి.

కనకరాజు, నేను మల్లాపూర్‌ల ఒక్కటే షెడ్డుల పని జేసినం. ప్రెస్సు మెషిన్ల వాని కుడిచెయ్యి వడ్డది. బొటనవేలు, చిటికెనవేలు, గవ్వే మిగిలినయ్. దవాఖానాకెల్లి వచ్చినంక ఇంత జాగ కిరాయికి తీస్కొని రెండు టీవీలు వెట్టిండు. పోరగాండ్లు మస్తు వస్తుండె. కారు రేసులు, తన్నుకునేటివి. ఓడినోడే పైసలియ్యాలె, అది రివాజు. కని వీడు ఆడుదమని కూసుంటే ఒక్కడు సక్కగ ఆడకపోవు. "రాజన్నా, నువ్వే గెలిసినవ్" అని కావాలని ఓడిపోతుండ్రి. వీనికి అదే కడుపుల మంట. "మీ జాలి మన్నువడ! గిసొంటి గెలుపు నాకెందుకురా?" అని రిమోట్ అవతల వారేస్తుండె.

ఆడ ఒక ఆట కేసెట్ ఉండె, ఎవడు ముట్టకపోవు. నీ టెట్రిస్‌లకెల్లి పుట్టిందే, ఇంకో రకం. ఇద్దరాడాలె, కని ముక్కలు వడే గుంత ఇద్దరికి ఒక్కటే. వరుస నిండితే ఇద్దరిది, ముక్కలు పైదాంక పేరుకపోతే ఇద్దరు మునుగుడే. మరి ఓడినోడెవడు, పైసలెవడియ్యాలె? పోరగాండ్లు కొట్లాడుకొని ఇడిసిపెట్టిన్రు. గప్పుడొచ్చిండు విజయభాస్కర్ సారు. ఆంధ్రాయన, ఏదో ఆఫీసుల క్లర్కు, మా ఎనక ఇంట్ల కొత్తగ కిరాయికి దిగిండు. మంచోడే, నోరే జర పెద్దది. ఆ కేసెట్ తీసి "ఇది ఆడదామాండీ?" అన్నడు. కనకరాజు చేతి మీద తువ్వాల కప్పుకొని కూసున్నడు. ఇగ సూడు! ఆట జరంత నడిసిందో లేదో, "ఏంటండీ బాబూ, నిద్రపోతున్నారా? నిలువుగా వెయ్యాల్సింది అడ్డంగా పడేశారు! ఇద్దర్నీ ముంచేశారు కదండీ!" అని ఒకటే అరుసుడు. పోరగాండ్లు ఆటలాపి ఇటే సూడవట్టిరి. నేను లేసి వాని చెయ్యి సంగతి సారు చెవుల జెప్పబోయిన, కనకరాజు కండ్లతోనే వద్దన్నడు. వాని మొఖం ఎలిగిపోయింది బిడ్డా! చెయ్యి వోయినకాడికెల్లి వాన్ని తిట్టినోడు లేడు మరి.

ఇగ రోజు పొద్దుగూకంగనే సారు రావాలె, వీడు తిట్లు తినాలె. వీడు మాత్రం ఊకుంటడా? "సారూ, ఆ వంకర ముక్క గాడ వడేసిన్రు, కండ్లు ఇంట్ల మర్సొచ్చిన్రా?" అంటుండె. గట్ల మస్తు దినాలు నడిసింది. ఒకనాడు వాని పెండ్లాం తారామణి చాయ్ తెచ్చింది. పిచ్చిది, మంచికే అన్నది. "మీ పున్నెం సారూ, చెయ్యి మెషిన్ల వడ్డకాడికెల్లి మా ఆయన గిట్ల నవ్వంగ సూడలె" అని. సారు తువ్వాల దిక్కు జూసిండు. మొఖం మాడిపోయింది. ఆట నడుస్తనే ఉంది, కనకరాజు ఒక ముక్క తప్పేసిండు. సారు అరుస్తడని నేను సూస్తున్న. "పర్లేదులెండి" అన్నడు, మెల్లగ. అయిపాయె. కనకరాజు టీవీ బంద్ జేసిండు.

తెల్లారి సారొస్తే వీడు తల గూడ ఎత్తలె. "ఇయ్యాల ఆట లేదు సారూ, పోండ్రి" అన్నడు. సారు గడప దిగి రెండడుగులేసి మళ్ల ఎనకకు తిరిగిండు. ఆకరికి లోపటికొచ్చి, "లేదంటే ఎలాగండీ? నిన్న ఆ మూల ఖాళీ వదిలేసింది మీరు! వేళ్లు లేకపోతే లేకపోయాయి, కళ్లున్నాయిగా! కూర్చోండి!" అన్నడు. కనకరాజు సారు మొఖం దిక్కు జూసి, జూసి, తువ్వాల తీసి మేకుకు తగిలేసిండు. మళ్ల ఎన్నడు కప్పుకోలె.

ఇగ కొన్నేండ్లకు కనకరాజు కామెర్లొచ్చి పోయిండు. ఇంటి ముందట పండవెట్టినం. వచ్చినోల్లంత "పాపం, చెయ్యి వోయినోడు, పాపం" అనవట్టిరి. సారుకు ఏడలేని కోపమొచ్చింది. "పాపమేంటండీ పాపం! ఈ మనిషి నన్ను ఎన్నిసార్లు ముంచాడో మీకేం తెలుసు!" అని అందరి మీద అరిసి, ఆడనే కూలవడి పొలపొల ఏడ్సిండు. మేమందరం...

ఫోన్ పక్కకు వెట్టు బిడ్డా. మీ నాయినమ్మ బువ్వకు పిలుస్తుంది, పా.