గాలిబుడగ కదల్లేదు

హలో… ఆ, నేనే, బావా. స్కాన్ల ఆఫీసు నుంచే.

టైము పదకొండూ పది. మీ ఆస్పత్రి నుంచి పదమూడున పంపిన స్కాను, మిషన్ కొలత సరిచూసే ఆ ప్లాస్టిక్ నీళ్ల బుర్రది, ఇప్పుడే తెరిచాను. పన్నెండో తారీఖున తీసినట్టుంది.

… తెరుచుకుంది, ఫైలుకేం కాలేదు.

పన్నెండున బుర్ర మీ దగ్గర లేదు.

… నా దగ్గరుంది. అయిదు ఆస్పత్రులకీ కలిపి ఉన్నది ఒక్క బుర్రే కదా. మూడో ఆస్పత్రిలో చెయ్యి జారి పడేశారు, మూత దగ్గర నీళ్లు కారాయి. పదకొండు నుంచి పద్నాలుగు దాకా నా బల్ల మీద, తువ్వాలు పరిచి ఉంచాను. మీ వంతు పద్దెనిమిదికి మార్చానని మెసేజ్ కూడా పెట్టాను.

… తారీఖు తప్పు పడిందా. సరే. మరి ఏ రోజున తీశారు?

… కుదరదు, బావా. ఒకటి నుంచి పది దాకా అది మొదటి మూడు ఆస్పత్రుల్లో ఉంది. తీసుకున్నవాళ్ల సంతకాలున్నాయి.

… మరదలు పోలీసయిందని తర్వాత అక్కతో చెప్పుకుందురుగాని. నాకు నవ్వు రావట్లేదు.

అర్థం కానిది ఒక్కటే. బుర్ర ఉన్న పెట్టె రాలేదన్న సంగతే మీకు తెలీలేదు. అంటే, వచ్చిన నెలల్లో విప్పుతున్నారా?

… ఉండండి, పోయిన నెలది తెరుస్తున్నాను. … దాని ముందుది.

నీళ్లలో గాలిబుడగ ఉంటుంది కదా. నాకు చూపించింది మీరే. బుర్రని కదిపినప్పుడల్లా చోటు మారుతుంది, ఏ రెండు స్కాన్లలోనూ ఒకచోట ఉండదు అన్నారు. ఈ నెల మీదాంట్లో ఎడమ పక్కన, మూత కింద ఉంది. పోయిన నెలా అక్కడే. అంతకు ముందూ… ఏడు నెలలు. కదల్లేదు. ఒకే స్కానుకి తారీఖు మార్చి పంపుతున్నారు.

… ఇన్నాళ్లూ ఎందుకు కనబడలేదంటే, మీవి నేను తెరిచి చూడను. మిగతా నలుగురివీ గీత గీతకీ చూస్తాను. మీది వచ్చిందని టిక్కు పెట్టి ఊరుకుంటాను. పని నేర్పిన మనిషిది ఏం చూస్తాం అనుకున్నాను. ఈ పరిశోధన నడిపే పెద్ద డాక్టరమ్మ అడిగితే ఆవిడకీ అదే చెప్పాను.

… క్యూ ఉంటుంది, తెలుసు. బుర్రకి నలభై నిమిషాలు, ఆ టైములో ఇద్దరు రోగులవి అయిపోతాయి, తెలుసు. ఒక్క ఫోను కొట్టాల్సింది. ‘ఈ నెల కుదరదమ్మాయ్’ అంటే రాసుకునేదాన్ని. రిజిస్టరులో దానికి గడి కూడా ఉంది.

… అవును, నీళ్ల డబ్బానే. అయిదు మిషన్లూ ఒకేలా కొలుస్తున్నాయని చెప్పేది ఆ డబ్బా ఒక్కటే. మందు వాడుతున్నవాళ్ల మెదడు కుంచించుకుపోవడం ఆగిందా లేదా అని మిల్లీమీటర్లలో చూస్తున్నాం. ఈ ఏడు నెలల్లో మీ మిషన్ కొలత తప్పి ఉంటే, తగ్గింది మెదడో, తప్పింది మిషనో ఎవరూ చెప్పలేరు. మీ దగ్గర అరవై రెండు మంది. రెండు బస్సులు మారి వచ్చే ఆ టీచరుగారు కూడా అందులోనే.

… ఏం చెయ్యమంటారు? … రిజిస్టరులో. … పన్నెండున బుర్ర మీ దగ్గరే ఉందని రాయాలా.

… అక్క మీద ఒట్లు వెయ్యకండి. అక్కకీ దీనికీ సంబంధం లేదు.

… ఏమన్నారు? మీ డాక్టరుగారికి ముందే చెప్పారా? ఏమని?

… నేనే పాతది పంపెయ్యమన్నానని.

… ఎప్పుడు?

నిన్న సాయంత్రం. అంటే నా మెసేజ్ నిన్న చూశారు. చూసి, ఆయనకి చెప్పి, ఆ తర్వాత మా ఇంటికొచ్చి భోంచేశారు. నా చేత్తో వడ్డించాను, బావా.

… వింటున్నాను.

… వింటున్నానండీ. అయిందా?

మీ ఏడు నెలల స్కాన్లూ లెక్కలోంచి తీసి పక్కన పెట్టాను. అరవై రెండు మందివీ. బుర్ర స్కాన్లు ఏడూ వరసగా పేర్చి, బుడగ చుట్టూ గీత గీసి మెయిల్లో పెట్టాను. వాటిని చూడకుండా టిక్కు పెట్టింది నేనేనని కూడా రాశాను.

… నా ఉద్యోగం సంగతి నేను చూసుకుంటాను.

… మెయిలు ఆపను. … ఆపను, బావా.

… హలో? … ఉన్నారా.

మెయిలు వెళ్లింది. అయిదు ఆస్పత్రుల డాక్టర్లకీ, పెద్ద డాక్టరమ్మకీ. టైము పదకొండూ ఇరవై ఆరు.