మా అన్నయ్య ఇష్టం

హలో… ఆ, నేనే. నూరిస్‌నే. నా ఫోన్ ఇంకెవరెత్తుతారు?

లోపలే, నోటరీ అమ్మగారి ఎదురుగా. నువ్వు కిటికీలోంచి కనిపిస్తున్నావ్‌లే, బెంచీ మీద టోపీతో విసురుకుంటూ… అరవకు అన్నయ్యా, అందరూ చూస్తున్నారు.

నేనేం చేశాను?… వారం రోజులు నువ్వేగా నేర్పించావ్! ఏమడిగినా "మా అన్నయ్య ఎవేలియో ఇష్టం" అనమన్నావ్. అన్నాను… ఆవిడ నా పేరడిగింది. "మా అన్నయ్య ఇష్టం" అన్నా. వయసెంతమ్మా అంది. అదీ మా అన్నయ్య ఇష్టమే అన్నా… నలభై మూడని తెలుసులే, తెలియకనా! ఆవిడ నవ్వాపుకోలేక నిన్ను బయటికి పంపి తలుపేసింది. అందులో నా తప్పేముంది?

…ఊఁ… నాకు సంరక్షకుడివా? అది లేదట. నాలాంటివాళ్లకి సంరక్షకుణ్ణి పెట్టే చట్టం ఎత్తేసి ఏళ్లయిందట. వయసొచ్చిన మనిషి నిర్ణయాలు ఇంకొకళ్లకి రాసివ్వడం కుదరదట… ఆ కోపమేదో నీ లాయరు మీద చూపించు!

తోడుండేవాళ్లని నేనే ఎంచుకోవాలట. నిర్ణయం నాది, సాయం వాళ్లది… ఎంచుకున్నాను కూడా. కాగితాలు చదివి చెప్పడానికి పక్కింటి ఉబాల్దీనక్క… బట్టలు కుట్టుకునేదైతేనేం? నాకు అర్థమయ్యేదాకా చెబుతుంది. నీలా "నీకెందుకే" అనదు.

లేదు, నీతో బొగోటా రాను… ఆ ఊరి చలికి నా చీజ్ ముద్ద సాగదు. సాగదీసి పొరలుపొరలుగా చుట్టాలంటే ఇక్కడి ఎండే కావాలి. అమ్మ నేర్పిన పని. లెక్క తప్పుతానేమో గానీ చీజ్ ఎప్పుడైనా పాడుచేశానా?… ఇల్లు తాళం వేసి నన్ను తీసుకుపోతా అన్నావే, ఎంత భయమేసిందో తెలుసా?

…

ఏయ్, ఏడుస్తున్నావా? టోపీ తియ్ మొహం మీంచి. కనిపిస్తోందన్నానా…

నీ పేరూ రాయించాన్లే! విను. ఆసుపత్రిలో సూది పొడిచేటప్పుడు నా చెయ్యి పట్టుకోవడానికి ఎవేలియో. ఇంకెవరూ వద్దన్నా… ఆ, అదొక్కటే. చాల్లే, చిన్న పనా అది? అమ్మ పోయాక ఇంకెవరు పట్టుకున్నారు?

సరే, లోపలికి రా, నీ సంతకం కావాలట… ఆగాగు! తోసుకుని రావడం కాదు. ముందు తలుపు తట్టు. నేను రమ్మంటేనే రావాలి… ఆ, నోటరీ అమ్మగారి తలుపే. మనింటికొచ్చినా అంతే ఇక.

…

ఆఁ, వినపడింది. ఇంకొక్కసారి తట్టవూ? బాగుంది…

రా అన్నయ్యా. పెట్టేస్తున్నా.